నవహో భూమి కథ – 5వ భాగము: మేకల మంద, మన్నుకోత

గడచిన భాగమున, న్యూ మెక్సికో తూర్పు మైదానములలో పేకాస్ నది యొడ్డునగల ఫోర్ట్ సమ్నర్ చెరలో నాలుగేండ్లు ఆకలికిని వ్యాధులకును లోనైన నవహో ప్రజలు, తమ నాయకుడైన బార్బోన్సిటో జనరల్ షెర్మను నెదుట పట్టువిడువక వాదించిన ఫలముగా, 1868వ సంవత్సరము జూన్ 1వ తేదీన సంధి కుదుర్చుకొని, నాలుగు పవిత్ర పర్వతముల నడుమనున్న తమ జన్మదేశమునకు మరలివచ్చిన వృత్తాంతము చెప్పబడినది. ఆ సంధిపత్రమున 15,000 గొఱ్ఱెలను మేకలను కొనియిచ్చెదమని అమెరికా ప్రభుత్వము వ్రాసియిచ్చిన షరతు ఒకటి కలదు. మరుసటి యేట ఫోర్ట్ డిఫయన్స్ వద్ద ఆ జీవములు మనిషికి ఇంచుమించు రెండేసి చొప్పున పంచబడెను. కిట్ కార్సన్ సేనలు మందలను చంపి, పైరులను తగులబెట్టి, కాన్యన్ డి షే లోయలోని పీచ్ తోటలను నఱికివేసిన పిమ్మట వట్టిచేతులతో మిగిలిన ఆ ప్రజలకు ఆ రెండు జీవములే మరల సంసారము నిలుపుకొనుటకు మూలధనమయ్యెను. కడుపు కాలుచున్న దినములలో సైతము వానిని కోసికొనక పెంచితిమని వారి పెద్దలు మనుమలకు చెప్పుచు వచ్చిరి.

ఆనాడు జీవములనిచ్చిన ప్రభుత్వమే, 65 ఏండ్లు నిండకమునుపు, మందలు మితిమీరినవని, వానిని తగ్గింపవలయునని శాసించెను. నేల కొట్టుకొనిపోకుండ కాపాడుటకై నవహో దేశమంతటికిని కలిపి రచింపబడిన మొట్టమొదటి మహాప్రణాళిక అదియే. ఈ భాగమున చెప్పదలచినది ఆ ప్రణాళిక పుట్టువును, దాని నడకను, దానివలన గృహస్థులకు కలిగిన కష్టమును గూర్చిన కథ.

ఆ కష్టము బోధపడవలెనన్న, ముందుగా నవహోల యింటి తీరు కొంత తెలిసికొనవలెను. దినే యని తమ్ము తాము పిలుచుకొను ఈ ప్రజలలో వంశము తల్లి పేరిట నడచును. పెండ్లియైన పిమ్మట పురుషుడు సాధారణముగ భార్య పుట్టింటి చెంతకు చేరి కాపురముండును. తూర్పుముఖముగ వాకిలి పెట్టి, దుంగలు పేర్చి మట్టి మెత్తిన హోగన్ అనెడి గుండ్రని యిండ్లు నాలుగైదు ఒకచోట నుండును; ఆ యిండ్లవారి జీవములన్నియు ఒకే మందగా మేయును. అయినను మందలోని ప్రతి జీవమునకు చెవికోత గుర్తును బట్టి యజమాని వేఱుగా నుండును. అవ్వకు కొన్ని, కూతుండ్రకు కొన్ని, అల్లునికి కొన్ని. నడక నేర్చిన పసివానికి సైతము తనదని చెప్పుకొనుటకు ఒక గొఱ్ఱెపిల్ల యుండును. తెల్లవారకముందే దొడ్డి తెఱచి మందను తోలుకొనిపోవుట పిల్లల పని. ఉన్ని కత్తిరించి, వడికి, ఆకులతోను వేళ్లతోను రంగులద్ది, నిలువు మగ్గముపై కంబళ్లు నేయుట స్త్రీల పని. ఆ కంబళ్లు గానాడోలోని హబ్బెల్ దుకాణమువంటి వర్తకశాలలకు చేరి, అచ్చటినుండి పిండి, కాఫీ, చక్కెర, గుడ్డలుగా మారి యింటికి వచ్చును. రోగికి స్వస్థత చేకూర్చు క్రతువు రాత్రులతరబడి జరిగినప్పుడు మంత్రవేత్తకు దక్షిణ గొఱ్ఱెలే. వచ్చిన బంధుకోటికి అన్నము మాంసమే.

ఈ వ్యవస్థలో మేక స్థానము వేఱు. గొఱ్ఱె సంపద కాగా మేక తిండి. పచ్చిక లేనిచోట పొదలు కొఱికి బ్రదుకును, పాలిచ్చును, మందకు ముందు నడచి దారిచూపును, ఉన్నినిచ్చు గొఱ్ఱెను కోయనక్కఱలేకుండ తన మాంసముతో ఇల్లు గడపును. పదిపదునైదు మేకలున్న పేదరాలు ఎవరినడుగనక్కఱలేక పిల్లలకు కడుపునింప గలుగుచుండెను. మందలోని మేకలలో అధికభాగము స్త్రీల సొత్తు. ఈ సంగతిని చదువరులు మఱవకుండ మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థన. ఏలయన, ప్రణాళిక వ్రాసినవారు దీనిని గమనింపలేదు.

చెరనుండి వచ్చిన తరువాత జనము పెరిగెను, మందలు పెరిగెను. 1868లో సుమారు 34 లక్షల ఎకరములుగా గీయబడిన రక్షితభూమి, తరువాతి అధ్యక్షుల ఉత్తరువులచేత అనేకపర్యాయములు విస్తరింపబడినను, నవహోల మందలు పూర్వమునుండి మేసిన ప్రదేశమంతయు అందులోనికి రాలేదు. తూర్పు పార్శ్వమున రైలుకంపెనీకి ప్రభుత్వము ఒక చదరపు మైలు విడిచి యొకటిగా దానమిచ్చిన భూములు చదరంగపు గళ్లవలె వ్యాపించి యుండెను. ఆ గళ్లలో న్యూ మెక్సికో గోపాలకులు తమ పశువులను నింపి, ముండ్లతీగలు కట్టి, నీటి గుంటలను ఆక్రమించుచుండిరి. పూర్వము ఒకచోట పచ్చిక సన్నగిల్లిన మరొకచోటికి కదలిపోవుచుండిన మందలకు ఆ కదలిక నానాట కుంచించుకొనిపోయెను. 1930లో అడవిశాఖ ఉద్యోగి విలియమ్ జెహ్ దేశమంతయు తిరిగి, పిల్లలతో కూడ గొఱ్ఱెలు మేకలు 13 లక్షల ప్రాంతముననున్నవనియు, పచ్చిక పలుతావుల వేళ్లతోసహ నశించినదనియు నివేదించెను.

నేల పాడైన మాట నిజము. 1880 ప్రాంతము మొదలుకొని నైరుతి అమెరికా అంతటను వంకలు లోతుగా కోసికొనిపోవుచుండెను. వేసవి చివర ఉఱుములతో మెఱుపులతో కురియు కుండపోత వానను నవహోలు మగవాన యందురు. మెల్లగ నేలలోనికి ఇంకు జడివానను ఆడువాన యందురు. పచ్చికలేని నేలపై మగవాన పడినప్పుడు నీరు నిలువక, ఒకనాడు మొక్కజొన్నయు గుమ్మడియు పండిన వంకయొడ్డు చేలను చీల్చుకొని, నిలువెత్తు గట్లు మిగిల్చి, ఎఱ్ఱని మన్నునంతటిని శాన్ హ్వాన్, లిటిల్ కొలరాడో నదులలోనికి త్రోసికొనిపోవును. ఇందు మందల పాలెంత, వర్షపాతపు మార్పుల పాలెంత యను విషయమై నేటికిని పండితులు వాదించుచునేయున్నారు. నవహో పెద్దలు మాత్రము వాన తగ్గుటచేత పచ్చిక తగ్గెననిరి. జీవములు దేవతల వరములనియు, వరమును తిరస్కరించినవారికి వానలు మఱింత తగ్గుననియు చెప్పిరి. ఇరువురును చూచినది ఒకే నేలనే. కాని ప్రభుత్వోద్యోగి మందను కారణమనుకొనిన తావున పెద్దలు మందను సాక్షిగా నెంచిరి.

ఈ మన్నుకోత అప్పటికి యాభైయేండ్లుగా సాగుచున్నది. అట్లయ్యు 1930 తరువాతనే వాషింగ్టను నగరము హఠాత్తుగా దానిపై శ్రద్ధ వహించుటకు హేతువు నవహో దేశముననే కాదు, దానికి పశ్చిమముగ కొలరాడో నదిపై గూడ నుండెను. 1931లో అచ్చట బౌల్డర్ ఆనకట్ట నిర్మాణము మొదలయ్యెను. నేడు దానినే హూవర్ ఆనకట్ట యందురు. దక్షిణ కాలిఫోర్నియా నగరములకు విద్యుచ్ఛక్తిని, ఇంపీరియల్ లోయ పొలములకు నీటిని సమకూర్ప నిర్మింపబడుచున్న ఆ జలాశయము మేటవేసి పూడిపోవునేమోయని ఇంజనీర్లకు భయము పుట్టెను. ఆ మేటలో ఎంతో భాగము, తమ నీటిపాలుకు మించి, నవహో భూములగుండ పాఱెడి నదులే తెచ్చుచున్నవని లెక్కలు తేల్చెను. నేలను కాపాడవలయునన్న కోరిక సద్భావము గలదే యైనను, ఆ నేలపై బ్రదుకు ప్రజలకొఱకే పుట్టినది కాదు. దిగువదేశపు దీపములును నారింజతోటలును దానివెనుక నుండెను. నా దృష్టిలో తరువాతి అనర్థమునకు మూలము ఇచ్చటనే కలదు.

1933లో అధ్యక్షుడు రూజ్వెల్టు ఇండియన్ వ్యవహారముల కమిషనరుగ జాన్ కోలియరును నియమించెను. కోలియరు నవహోలకు శత్రువుగాడు. ఆ కాలపు అమెరికనులలో అతనికి మించిన మిత్రుడు వారికి అరుదు. 1920లో టావోస్ ప్యూబ్లో గ్రామమును దర్శించి, యంత్రనాగరికత కోల్పోయిన సంఘజీవనము ఇచ్చట నిలిచియున్నదని ముగ్ధుడై, 1922లో ప్యూబ్లోల భూములను హరింపబూనిన బర్సమ్ బిల్లుపై పోరాడి గెలిచినవారిలో అతడు ముఖ్యుడు. ఇండియనుల మతమును, భాషను, భూమిని కాపాడుట తన జీవితధ్యేయమని నమ్మినవాడు. అతడు పదవికి వచ్చిన 1933 వేసవిలోనే హ్యూ బెన్నెట్టు నాయకత్వమున నిపుణుల సంఘమొకటి నవహో దేశమును పరిశీలించి, మందలను తగ్గింపనిదే నేల దక్కదని తేల్చెను. మెక్సికన్ స్ప్రింగ్స్ వద్ద మన్నుకోత నివారణ పరిశోధనక్షేత్రము స్థాపింపబడెను. తీగకంచె వేసి మందలను వెలుపల నుంచగా కంచెలోపల పచ్చిక తిరిగి మొలిచెను. చూడవచ్చినవారికి దానిని ప్రభుత్వము గర్వముతో చూపెను. ఆ కంచెలోపల పూర్వము శీతకాలమున మేసిన మందల యజమానులు మాత్రము కంచె వెలుపల నిలిచి చూచిరి.

1933 శరత్కాలమున టూబా సిటీలో జరిగిన నవహో మండలి సమావేశమునకు కోలియరు స్వయముగ వచ్చెను. ఆ మండలి 1923లో, షిప్రాక్ చెంత నూనె బయల్పడిన తరువాత, నూనెకంపెనీలకు కౌలుపత్రములు వ్రాసియిచ్చుటకై యేర్పడినది, సభ్యులందఱు పురుషులు. లక్ష గొఱ్ఱెలను ప్రభుత్వమునకు అమ్ముటకు సభ్యులు సందేహించుచునే సమ్మతించిరి. ఆడుగొఱ్ఱెకు ఒకటి మొదలు ఒకటిన్నర డాలరు, విత్తులు నొక్కిన పోతుకు రెండుంబావు మొదలు మూడు డాలర్లు వెలగా నిర్ణయమయ్యెను. పెద్దమందలవారే ఎక్కువగ నిత్తురని మొదట ఆశింపబడినను, ఆచరణమున ప్రతి కుటుంబమునుండియు సమానమైన పాలు తీయబడెను. వేయి గొఱ్ఱెలవాడు ముసలివానిని, గొడ్డువానిని ఏఱి యమ్మి తన మందను బాగుచేసికొనెను. ఏబది గొఱ్ఱెలవాడు ఈనెడి గొఱ్ఱెలను పోగొట్టుకొనెను. లక్ష పోయిన పిమ్మట వసంతమున గొఱ్ఱెపిల్లలు పుట్టి మంద దాదాపు మునుపటివలెనే యయ్యెను. నేలకు మేలు జరుగలేదు; పేదవానికి మాత్రము నష్టము స్థిరపడెను.

1934లో మేకల వంతు వచ్చెను. ఉన్నినీయని మేకకు అంగడిలో వెలలేదు, అది పొదలను మొదలంట కొఱికివేయును గనుక దానిని తొలగించుట సులభమనియు న్యాయమనియు ఉద్యోగులు భావించిరి. లక్షా ఏబదివేల మేకలను తలకొక డాలరు ప్రాంతమున కొనుటకు నిశ్చయమయ్యెను. ఆ సంవత్సరము మధ్యదేశమంతయు అనావృష్టిచే మలమల మాడుచుండుటచేత మాంసపు కర్మాగారములు పశువులతో నిండియుండెను. నవహో దేశమునుండి రైలునొద్దకు తోలుటకు బాటలును, దారిలో నీరును లేవు. తుదకు వేలకొలది మేకలు కొన్నచోటనే, లోయలలో, తుపాకికాల్పులకు గుఱియయ్యెను. మాంసము కుళ్లిపోవుచుండ, ఎండిన యెముకలు ఏండ్లతరబడి తెల్లగ మెఱయుచుండ, తమ మేకలను పేరుపెట్టి పిలిచి పెంచిన స్త్రీలు చూచిరి. జీవమును కోయవలసివచ్చినప్పుడు ఏ భాగమును వ్యర్థము కానీయని జనమునకు ఆ దృశ్యము దారిద్ర్యమునకు మించిన అపచారమయ్యెను. ఫోర్ట్ సమ్నర్ ప్రయాణమును తాతల నోట విన్నవారు రెండవ యిడుమ యిదియేయనిరి.

ఇంటింట మేకలు స్త్రీలవి కాగా, సమ్మతి పురుషుల మండలిలో పుచ్చుకొనబడెను. సమావేశమునుండి తిరిగివచ్చిన సభ్యుడు తన అత్తగారి మేకలను, మరదండ్ర మేకలను దొడ్డిలోనుండి తోలుకొనిపొమ్మని చెప్పగలవాడు కాడు. చెప్పినను ఆమె వినవలసినపని లేదు. స్త్రీలు నోరు విప్పి అడ్డుపడిరి, మందలను లోయల మాటున దాచిరి, కొన్నిచోట్ల పురుషులు కారాగృహమునకు సైతము పోయిరి. 1946వ సంవత్సరమునగాని ఒక స్త్రీ, లిల్లీ నీల్, ఆ మండలికి ఎన్నిక కాలేదు. పచ్చికను గూర్చిన శాస్త్రము పెక్కంశములలో సరియైనదే. కాని ఆ శాస్త్రము ఎకరమునకు ఎన్ని జీవములు చాలునో లెక్కించెనే కాని, ఆ జీవములు ఎవరివో, వానిని తీసినయెడల ఏ పొయ్యి ఆఱిపోవునో అడిగిన పాపమున పోలేదు.

మందలనిచ్చుటకు ప్రతిగా కోలియరు ఒక వాగ్దానము చేసియుండెను: రక్షితభూమి హద్దులను విస్తరింపజేసి, ఆ చదరంగపు గళ్లను నవహోలకు ఇప్పించెదనని. 1934 జూన్ నెలలో అరిజోనా పార్శ్వపు హద్దుల చట్టము నెగ్గెను. న్యూ మెక్సికో పార్శ్వపు బిల్లు నెగ్గలేదు. ఆ రాష్ట్రపు సెనేటరు బ్రాన్సన్ కటింగ్ 1935 మే నెలలో విమానప్రమాదమున మరణింపగా, ఆ స్థానమునకు వచ్చిన డెన్నిస్ చావెజ్ తన రాష్ట్రములోని గోపాలకుల పక్షము వహించి దానిని ప్రతిఘటించెను. మేకలు పోయెను, భూమి రాలేదు. ఆ తూర్పుసీమయందే మందలు చిన్నవి, బీదరికము పెద్దది యగుటచే కడుపుమంట అచ్చటనే అధికముగ రగిలెను.

ఆ మంటకు కంఠమైనవాడు జేకబ్ మోర్గన్. హాంప్టన్ విద్యాలయమున చదివినవాడు, క్రైస్తవమతప్రచారకుడు, షిప్రాక్ ప్రాంతపు నాయకుడు. తన జనులు ఇంగ్లీషు చదువులు చదివి, వృత్తులు నేర్చి, ఇతర అమెరికనులతో సరిసమానులు కావలెనని అతని ఆశ. పాత ఆచారములను మెచ్చుకొను కోలియరు తమ్ము వెనుకకు లాగుచున్నాడని అతని యారోపణము. అతని కెదురుగ నిలిచినవాడు చీ డాడ్జ్. ఫోర్ట్ సమ్నర్ చెరలో బాల్యము గడపి, దుబాసియై, వర్తకుడై, వేలకొలది జీవములకు యజమానియై, 1923 నాటి మండలికి ప్రథమాధ్యక్షుడైన వృద్ధుడు. కోలియరు కాలమున అతని కుమారుడు థామస్ డాడ్జ్ మండలి అధ్యక్షుడుగ నుండెను. సంపన్నులైన గొఱ్ఱెలవారు, పాఠశాలలలో చదివినవారు అను రెండు పక్షములుగ నాయకత్వము చీలెను. మంత్రవేత్తలును, మతప్రచారకులును, సాధారణముగ పొత్తు కుదరని ఈ రెండు తెగలవారును మందల విషయమున మాత్రము ఒక్కటైరి.

1935 జూన్ నెలలో ఇండియన్ పునర్వ్యవస్థీకరణ చట్టమును అంగీకరింతురా యని నవహోలను వోటడిగిరి. భూములు ఖండఖండములుగ అమ్ముడుపోకుండ ఆపి, జాతులకు స్వపరిపాలనమునిచ్చు ఆ చట్టము కోలియరు జీవితకృషికి శిఖరము. అమెరికాలోని ఇండియన్ జాతులన్నిటిలో పెద్దదియైన నవహో జాతి దానిని గెలిపించునని అతని నమ్మకము. అనుకూలముగ 7,679, ప్రతికూలముగ 8,197 వోట్లు వచ్చెను. చట్టమునకును మందలకును సంబంధము స్వల్పము. కాని వోటువేయ వచ్చినవారికి కనబడినది మేకల యెముకలే.

ఓటమితో ప్రణాళిక ఆగలేదు, మఱింత బిగిసెను. భూసంరక్షణశాఖవారు విమానముల నుండి ఛాయాచిత్రములు తీసి, వంకల నీటివాలును బట్టి దేశమును 18 భూనిర్వహణ మండలములుగ విభజించిరి. ప్రతి మండలమునకు భరింపదగిన జీవములెన్నో నిర్ణయించి, కుటుంబమునకొక మేపు అనుమతిపత్రమునిచ్చిరి. లెక్కకు గొఱ్ఱె ప్రమాణము. ఆవు నాలుగు గొఱ్ఱెలకును, గుఱ్ఱము అయిదు గొఱ్ఱెలకును సమానము. కాగితముమీద ఈ విభాగము చక్కనిదే. కాని వేసవికి చుస్కా కొండలపైకిని, చలికాలమునకు కట్టెలు దొరకు పల్లములకును తరలిపోవు బంధువర్గముల బాటలు నీటివాలును బట్టి నడువవు. మేనమామ ఒక మండలమునను, మేనకోడలు ఇంకొక మండలమునను పడిరి. పరిపాలకుడుగ 1936లో వచ్చిన రీస్మన్ ఫ్రయరు దక్షుడు, నిర్మొగమాటస్థుడు. అతని కాలమున గుఱ్ఱములు సైతము లెక్కకు వచ్చెను.

ఈ ప్రణాళిక తీసికొనిపోయినదే కాని ఏమియు నీయలేదనుట అన్యాయమగును. బావులు త్రవ్వబడెను, ఊటలు బాగుచేయబడెను, వంకలకు అడ్డుగ రాతికట్టలు లేచెను, ఆ పనులలో వేలమంది నవహోలు దినకూలి సంపాదించిరి. పిల్లలను దూరపు వసతిపాఠశాలలకు లాగుకొనిపోవుటకు బదులుగ దాదాపు 50 పగటిబడులు దేశమున నలుదిక్కుల వెలసెను. బడిలోని నీటి గొట్టమునొద్ద తల్లులు బట్టలుతికికొని, అచ్చటనే కుట్టుయంత్రముల నుపయోగించుకొనుచుండిరి. చెదరియున్న ఆరు కచేరీలను ఒకటిచేసి, గాలి తొలిచిన పెద్ద రంధ్రముగల ఎఱ్ఱరాతికొండ చెంత విండోరాక్ అను రాజధాని నిర్మింపబడెను. అష్టకోణాకృతిలో, హోగన్ పోలికగ, ఎఱ్ఱ ఇసుకరాతితో నవహో మేస్త్రీలు కట్టిన మండలిభవనము నేటికిని నవహో పార్లమెంటుగ నున్నది. 1942, 43లలో జెరాల్డ్ నైలర్ అను నవహో చిత్రకారుడు లోపలి గోడలపై తన జాతి చరిత్రను చిత్రించెను.

అన్నిటికంటె విచారకరమైనది చాప్టర్ల గతి. 1927లో లూప్ కచేరీ అధికారి జాన్ హంటర్ ఊరూర జనులను చేర్చి, మేతను, నీటిని, బాటలను గూర్చి తమలో తాము చర్చించుకొను గ్రామసభలను ప్రారంభించెను, వానినే చాప్టర్లనిరి. పాత రచ్చసంప్రదాయమునకు అవి సన్నిహితమగుటచేత వేగముగ వ్యాపించెను. మందల తగ్గింపునకు ఎదురుమాట అచ్చటనే మొదట లేచెను. ఆ మాటను వినుటకు బదులు అధికారులు ఆ సభలకిచ్చు తోడ్పాటును మానివేయగా పెక్కు చాప్టర్లు క్షీణించెను. ఊరివారు కూర్చుండి మన మేత ఎంత, ఎవరు ఎన్ని తగ్గించుకొందము, ఏ పేదరాలి మందను ముట్టుకొనక విడుతము అని తేల్చుకొనుటకు తగిన వేదిక అదియే. అట్టి వేదిక చేతనుండియు దానిని జాఱవిడుచుకొనిరి. తరువాత అవి మరల తలయెత్తి, నేడు 110 చాప్టర్లుగ నవహో స్థానికపాలనకు ఆధారమైయున్నవి.

1938లో మోర్గన్ మండలి అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను. అధికారమునకు వచ్చిన పిమ్మట తాను తిట్టిన ప్రభుత్వముతోనే సర్దుకొనవలసినవాడయ్యెను. 1942లో వృద్ధుడైన చీ డాడ్జ్ మరల గెలిచెను. 1945లో కోలియరు పదవి విడిచెను. నాటికి మందలు సగమునకు పైగా తగ్గియుండెను. అనుమతిపత్రముపై నిలిచిన కొద్దిపాటి జీవములతో బ్రదుకజాలని కుటుంబములు కూలిపై నాధారపడుట నేర్చికొనెను. వంకల కోత మాత్రము ఆశించినంతగా నిలువలేదు.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఆ కూలిని సైన్యమునందును, ఆయుధశాలలయందును, రైలుపట్టాలయందును చూపెను. యుద్ధము ముగిసి మనుష్యులు తిరిగివచ్చునప్పటికి మంద లేదు, కూలియు లేదు. 1947 చలికాలపు మంచులో నవహో దేశపు ఆకలి అమెరికా పత్రికలకెక్కెను. దానికి సమాధానముగ 1950లో కాంగ్రెసు 8 కోట్ల 85 లక్షల డాలర్లకు పైగా వ్యయముతో పునరావాస చట్టమొకటి చేసెను. బాటలు, బడులు, వైద్యశాలలు వచ్చుచుండ, అదే కాలమున మాన్యుమెంట్ లోయలోను, లుకాచుకాయి కొండలలోను పసుపుపచ్చని రాయి కొఱకు కంపెనీలు సొరంగములు త్రవ్వుచుండెను. మందలు పోయిన యిండ్లలోని పురుషులు గాలియాడని ఆ యురేనియం గనులలోనికి దిగిరి. ఆ ధూళివలని యపాయము ఎవరికి తెలిసియుండెను, ఎవరు చెప్పక దాచిరి, 1979 జూలైలో చర్చ్ రాక్ వద్ద గట్టు తెగి ప్వెర్కో నదిలోనికి పాఱినదేమి, గనులలో భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు ఎట్లు కూడి న్యాయమునకై పోరిరి అను విషయములు రాబోవు భాగమున వివరింపబడును.